సైటు కన్నంలో పసుపు

తుపాకులు సరిచూసే ఉద్యోగం అంటే చుట్టాలకు భలే మోజు. పెళ్ళిళ్ళలో పక్కన కూర్చోబెట్టుకుని "ఎంతమందిని కాల్చినావు?" అని అడుగుతారు. ఎవర్నీ కాల్చలేదు మహాప్రభో, నేను కాల్చిందంతా అట్టముక్కల్ని. దానికి ఫలితంగా కుడి భుజం మీద ఎప్పుడూ ఒక కమిలిన మచ్చ, చెవిలో ఆగకుండా కీచురాయి రొద. పోలీసు రిజర్వులో ఆయుధాలు బాగుచేసే పనికి ఎగిరి గంతేసి చేరాను. ఇప్పుడు పొద్దున లేచి బూట్లు వేసుకోవడానికే ఒళ్ళు వంగడం లేదు.

మా ఫైరింగు రేంజ్ మార్కాపురం అవతల, పలకరాయి తవ్వి వదిలేసిన గుంత. తీసేసిన రాతిముక్కల దిబ్బ ముందు మట్టి పోసి, ఆ మట్టికి ఆనించి టార్గెట్లు నిలబెడతాం. కాల్చే ముందు ఎర్రజెండా కట్టి, గొర్రెలవాళ్ళను బతిమాలి పక్కకు పంపాలి. "ఈ పొద్దు కూడానా నాయనా? ఈడనే గదా కాస్త పచ్చగుండేది" అంటూ కదుల్తారు. వాళ్ళ విసుగు చూస్తే నాకు సొంతమనుషులను చూసినట్టుంటుంది.

ఆరోజు పని మామ తుపాకి సంగతి తేల్చడం. మామ అంటే మా అందరికంటే పెద్ద హెడ్ కానిస్టేబుల్, వెలిగండ్ల పక్క మనిషి. నాకు మేనమామేం కాదు, రిజర్వులో ఆయనను అందరూ అట్లాగే పిలుస్తారు. నాకు గురి నేర్పింది ఆయనే. ఊపిరి సగం వదిలి, మిగతా సగం బిగబట్టి, ట్రిగ్గర్ మీద వేలు ఉన్నట్టే తెలియకూడదని చెబుతూ, వీపు మీద లాఠీ ఆనించి మరీ నేర్పాడు. అటువంటి మనిషి దసరా తర్వాత ఏటా జరిగే ఫైరింగు పరీక్షలో తప్పాడు. గుండ్లన్నీ కిందికీ పక్కకీ పోయాయి. "నాదేం లేదు, తుపాకే వంకర" అని అందరి ముందూ అరిచాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని వెనకాల నవ్వారు. ఆ నవ్వు ఆయన చెవిన పడింది.

రిటైర్మెంటు దగ్గరికొచ్చింది. అంతవరకూ తుపాకి భుజాన ఉండాలని ఆయన పట్టు. లేకపోతే గేటు దగ్గర స్టూలేసి కూర్చోబెడతారు. అందుకే మా ఇన్‌స్పెక్టరు సారు నన్ను పిలిచి, "మామది, ఇంకో రెండు తుపాకులు తీసుకో. మూడూ నువ్వే కాల్చి పోల్చి చూడు. తుపాకి చెడ్డదైతే మామకు వేరేది ఇద్దాం. మంచిదైతే ఇంకేం చేస్తాం, ఆయుధం తీసేద్దాం" అన్నాడు. నా నోటి మాట మీద మామ పరువు పెట్టినట్టయింది. ఆ పని ఇంకెవరికైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

మావి ఎస్సెల్లార్ రైఫిళ్ళు. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక గుండు పోతుంది, తర్వాతిది తనంతట తానే ఎక్కుతుంది. గురి చూసే వెనక సైటులో చిన్న కన్నం ఉంటుంది, అందులోంచి గొట్టం కొసనున్న ముల్లును చూసి కాల్చాలి. కాల్చేవాడి చెయ్యి వణికిందన్న మాట రాకుండా ఇసకబస్తాల మీద తుపాకి ఆనిస్తాం. గుండ్లన్నీ ఒకేచోట దగ్గరదగ్గరగా తగిలితే తుపాకి మంచిది. అవి పక్కకు పోయినా సైటు తిప్పి సరిచేసుకోవచ్చు. చెల్లాచెదురైతేనే అనుమానం.

పరీక్షకు ముందు మూడింటినీ శుభ్రం చేశాను. గొట్టంలోకి నూనెగుడ్డ లాగి, సైటు కన్నాల్లో గుడ్డ చుట్టిన పుల్ల తిప్పి, ఆ గుడ్డపేలికలను సంచిలో పడేశాను. ఇన్నేళ్ళ అలవాటు, చూడకుండానే చేతులు చేసుకుపోతాయి. తర్వాత బోర్లా పడుకున్నాను. సారు జీపు దగ్గర నిలబడ్డాడు. మామ కాస్త ఎడంగా, తుమ్మచెట్టు కింద రాయి మీద కూర్చుని ఉన్నాడు.

మొదటి తుపాకి పర్వాలేదు. రెండోది ఎడమకు లాగింది. మామది మూడోది. కాలుస్తున్నప్పుడే నాకు తెలిసిపోయింది. దగ్గరికెళ్ళి చూస్తే గుండ్లన్నీ టార్గెట్ నడిమధ్యన, అరచేయి కప్పితే కనపడకుండా పోయేటట్టు తగిలి ఉన్నాయి. మూడింట్లోకీ అదే మేలు. ఇంత మంచి తుపాకి చూసి ఏడుపొచ్చింది నాకు.

సారు అట్టను ఎండకు పట్టి చూసి, "ఇంకేముంది, మామ కళ్ళు పోయినయ్. ఈ పొద్దే తుపాకి తీసుకో" అని జీపెక్కి పోయాడు. మామ లేవలేదు. అట్ట చూపించమని కూడా అడగలేదు.

సామాను సర్దుతూ సంచిలోని పేలికలు దులిపాను. నల్లటి మసి పేలికల మధ్య ఒకటి పచ్చగా ఉంది. పసుపు, దాంట్లో కాస్త కుంకుమ. అప్పుడు గుర్తొచ్చింది, మామ తుపాకి సైటు కన్నంలో పుల్ల ఒక పట్టాన దూరలేదు, నేను గట్టిగా తిప్పి తోశాను.

ఆయుధపూజ! ఆరోజు ఎవరి తుపాకికి వాళ్ళే బొట్లు పెట్టుకుంటారు. భుజానికి ఆనించే కట్టెబట్టు మీద వరసగా పెట్టాలి, ఇనుముకు తడి తగలకూడదు. ఈ నియమం కూడా మామ పెట్టిందే. ఆ వరసలో ఒక బొట్టు జరిగి, బట్టుకు కాస్త ముందుండే వెనక సైటు మీద పడింది. ఎండి, కన్నాన్ని సగం మూసేసింది. మామ ఆ సగం కన్నంలోంచి చూసి కాల్చాడు. ఏ వంకర కోసం పరీక్ష పెట్టారో ఆ వంకరను పరీక్షకు ముందే నా చేత్తో తుడిచేసి, తుపాకి మంచిదని తీర్పిచ్చాను.

ఒంట్లో అలసటంతా ఎటు పోయిందో, తుమ్మచెట్టు దగ్గరికి పరుగెత్తాను. "మామా, నువ్వన్నదే నిజం! తప్పు తుపాకిదే! కన్నంలో పసుపుండాది, చూడు! సారుకు ఫోన్ చేస్తా, మల్లా కాలుద్దువు!"

మామ పేలికను చేతిలోకి తీసుకున్నాడు. చూడలేదు, వేళ్ళతో నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"బొట్టు పెట్టింది ఎవురు అల్లుడా?"

"నువ్వే గదా మామా."

"కట్టె మీదే పెడ్తాండా అనుకున్యా. యాడ కట్టె అయిపోయిందో, యాడ ఇనుము మొదలైందో కనపడకనే గదరా ఆడ పెట్టింది. తుడిచేటప్పుడూ కనపడల్యా." పేలిక నా చేతిలో పెట్టాడు. "కాల్చేటప్పుడు కన్నం మసకమసగ్గా ఉండె. నా కన్నే అనుకున్యా. కన్నని చెప్తే తుపాకి పెరుక్కుంటారని, తుపాకి వంకరని అరిచినా."

నా దగ్గరున్న ఒక్క మంచిమాటా అట్లా తిరగబడింది.

"ఫోన్ చేస్తే చేసుకో. సారు మల్లా కాల్చమంటాడు. మల్లా ఈ అరుపులు, ఆ నవ్వులు. నాకు ఓపిక ల్యా, అల్లుడా."

చేయలేదు. గుంత అంచున గొర్రెలు అప్పటికే దిగుతున్నాయి. ఎర్రజెండా దించడం మరిచిపోయానని అప్పుడు చూసుకున్నాను.

తుపాకి తెచ్చి రాయికి ఆనించాను. మామ లేచి, చొక్కా సర్దుకుని, దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. ఆయుధం అప్పగించేవాడు ఒకసారి సరిచూసి ఇవ్వాలి. వెనకటికి మేం అప్పగిస్తే ఈయనే సైటు కన్నాన్ని ఎండకు పట్టి, ఇంత నలక కనపడినా నానా తిట్లూ తిట్టేవాడు. ఈసారి ఎండకు పట్టలేదు. మడిచిన వెనక సైటు లేపి, బొటనవేలితో కన్నం చుట్టూ తడిమి, తుపాకి నా చేతుల్లో పెట్టాడు.

"శుభ్రంగా ఉండాదా, అల్లుడా?" అని అడిగాడు.

"ఉంది మామా" అన్నాను.