చార్జింగ్ మిషన్‌కు బొట్టు పెట్టిన రోజు

ఒక పెళ్ళి ఆగిపోవాలంటే మామూలుగా చాలామంది కష్టపడాలి. వియ్యంకుల్లో ఒకరు అలగాలి, దూరపు బంధువొకడు పాత గొడవ తవ్వాలి, వంటల దగ్గర మాటా మాటా పెరగాలి. నేను మాత్రం ఎవరి సాయమూ లేకుండా, నాకు ఏ సంబంధమూ లేని ఒక పెళ్ళిని కుడిచేతి బొటనవేలితో ఆపినంత పని చేశాను. పాప పడుకుంది, ఆయన షిఫ్టుకు పోయాడు కాబట్టి ధైర్యం చేసి రాస్తున్నాను. చదివి నవ్వుకోండి. పొద్దుటూరులో చార్జింగ్ స్టేషన్ వైపు వెళ్ళినప్పుడు మాత్రం దయచేసి నా పేరు ఎత్తకండి.

ముందు నా భయం గురించి చెప్పాలి. ద్రాక్షపండు చూస్తే అది పాప గొంతుకు అడ్డం పడినట్టే అనిపిస్తుంది. బకెట్టు చూస్తే బావిలా కనిపిస్తుంది. డిగ్రీలో ఫిజిక్స్ చదివాను గానీ, పాప పుట్టిన రోజే ఆ ఫిజిక్స్ ఆసుపత్రి మెట్లు దిగి ఎటో వెళ్ళిపోయింది, ఇంతవరకు తిరిగి రాలేదు. అలాంటి ఇంట్లోకి మా ఆయన ఎలక్ట్రిక్ కారు తెచ్చాడు. ఆయనది కలమల్ల దగ్గర కరెంటు ప్లాంటులో ఉద్యోగం. "కరెంటు తయారు చేసేవాడింట్లో పెట్రోలు బండేంది, నగుతారు" అన్నాడు. ఆ రోజు నుంచీ నా ఫోను పగబట్టినట్టు కాలిపోతున్న బ్యాటరీల వీడియోలే చూపిస్తూ వచ్చింది. నేనూ ఒక్కటి వదలకుండా చూస్తూ వచ్చాను.

పాత చార్జింగ్ స్టేషన్ ఉన్నన్నాళ్ళు ఫర్వాలేదు. అందులో రెండు మిషన్లుండేవి. ఒకటి పనిచేసేది కాదు, రెండోది పనిచేస్తున్నట్టు నటించేది. బండి తగిలించి, అంగట్లో చీరలు చూసి, బేరం కుదరక ఇంకో అంగటికి పోయి వచ్చినా సగం కూడా ఎక్కేది కాదు. అంత సోమరి కరెంటు ఎవరినీ కాల్చదని నా ధీమా. ఇంతలో ఆ స్టేషన్‌ను పూర్తిగా మార్చేశారు. పైన రేకుల కప్పు, రాత్రి పూట పెళ్ళి పందిరిలా లైట్లు, ఏనుగు తొండమంత లావు వైర్లతో, బండికి తగిలించే రెండు గన్నులున్న కొత్త మిషన్. దానికి గొంతు కూడా పెట్టారు. వార్తలు చదివినట్టు గ్రాంథికంలో మాట్లాడుతుంది. "టీ తాగేలోపల బండి నిండిపోతాంది" అని ఊరంతా సంబరపడింది. నాకు మాత్రం ఒకటే దిగులు. అంత కరెంటును అంత తొందరగా మింగితే, ద్రాక్షపండు మింగిన పాపలా, ఆ కారు ఏమైపోవాలి?

అందుకే, పాపను తీసుకుని పులివెందులలో మా అమ్మవాళ్ళింటికి బయల్దేరిన రోజు, ఆ మిషన్‌కు పూజ చేయాలని నిశ్చయించుకున్నాను. ఆయనకు సెలవు దొరకలేదు. నేనే నడపాలి. తోడు మా అత్త.

మా అత్త గురించి మీరు తప్పుగా అనుకునే ప్రమాదం ఉంది. ఆమె బడికి పోలేదు, కానీ ఆ కారులో ఉన్న ఏకైక శాస్త్రవేత్త ఆమే. నేను గిన్నెలో పసుపు కలుపుతుంటే పాపను చంకనేసుకుని నిలబడి చూసింది.

"బండికి బొట్టంటే సరే. ఆ మిషన్‌కు యాల పెడతాండావు?"

"బండి కన్నా అదే ప్రమాదం అత్తా."

"కరెంటు మిషన్‌కు తడి చేతులు పెట్టేదానికన్నా ప్రమాదమేముందిమే?"

నేను వినలేదు. స్టేషన్‌కు చేరి, బండి తగిలించే ముందే మిషన్ నుదురు ఎక్కడుందో వెతికి, స్క్రీన్‌కు పైన పసుపు రాసి కుంకుమ పెట్టాను. గాలికి ఆరిపోకుండా మిషన్ వెనకాల అరటిపండులో రెండు అగరుబత్తీలు గుచ్చాను. దండం పెట్టుకుంటూ పక్కనున్న జాగ్రత్తల బోర్డు మొత్తం చదివాను. "పొగ, మంట కనిపించిన యెడల ఎర్ర మీట నొక్కండి" అని ఉంది. ఎర్ర మీటను చూసి పెట్టుకున్నాను. అది కూడా నన్ను చూసి పెట్టుకున్నట్టుంది.

మా కారు చార్జింగ్‌లో ఉండగా రెండో గన్ను దగ్గరికి పూలతో అలంకరించిన కారొకటి వచ్చి ఆగింది. లోపల పెళ్ళికొడుకు. ముఖం ముందు మల్లెలు, గులాబీల తెర వేలాడుతుంటే ముక్కు కూడా కనిపించడం లేదు. బండి నడుపుకొచ్చిన పెద్దాయన దిగి గన్ను తగిలించి, మా అత్తను పలకరించాడు. పేరు ఖాదర్. పెళ్ళికొడుకు ఇర్ఫాన్‌కు చిన్నాన్న. వాళ్ళది జమ్మలమడుగు. పెళ్ళి పులివెందులలో.

"జమ్మలమడుగు నుంచి ముద్దనూరు మీద పోతే దగ్గర గదప్పా, ఇట్లెందుకొచ్చినారు?" అంది మా అత్త.

"మా కాడ మిషన్ ఇప్పుడే మారుస్తాండారమ్మా. ఈడైతే బిరీన ఎక్కుతాది, ఈడ అంగట్లో చేయించిన ఉంగరం గూడ తీసుకున్నట్లయితాదని వచ్చినాం. తక్కినోళ్ళంతా బస్సులో ముందే పోయినారు." ఆయన గొంతు తగ్గించాడు. "పిల్ల నాయన శానా కోపిష్టి. కువైట్‌లో పనిచేసే పిల్లోడు దేనికీ టయానికి రాడు, నా బిడ్డనియ్యనని శానా దినాలు మొండికేసినాడు. మేమంతా పూచీ పడి ఒప్పించినాం. మద్యాన్నం జొహర్ నమాజు కాంగానే నిఖా. ఆలస్యమైతే ఖాజీ లేసి పోతాడు. ఆయప్ప ఖాజీ కంటే ముందే లేస్తాడు."

ఇంత విన్నాక మనిషన్నవాళ్ళు ఏం చేస్తారు? గన్ను తీసి దారి ఇస్తారు. ఖాదర్ మామ కూడా అదే అడిగాడు. "మీది తొంబై దాటిందే. తీస్తే ఆ కరెంటు గూడ మా దానికే వస్తాదమ్మా."

"నూరు కావాల మామా, చంటిపిల్లుంది" అన్నాను.

మా అత్త నా వైపు చూసిన చూపును ఇప్పటికీ దిండు కింద పెట్టుకునే పడుకుంటున్నాను.

ఆయన వెళ్ళి తన బండి అంకెలు చూసుకున్నాడు. ఫోను రావడంతో రోడ్డు వైపు వెళ్ళాడు. మా అత్త చెట్టు నీడన పాపకు ఉగ్గు పెడుతోంది. పెళ్ళికొడుకు తన కారులో పూల వెనక ఉన్నాడు. నేను మిషన్ అంకెలు చూస్తూ నిలబడ్డాను. అప్పుడు వచ్చింది వాసన.

ఏదో కాలుతోంది. మిషన్ వెనక నుంచి సన్నటి పొగ, పాము పడగలా, మెల్లగా పైకి లేస్తోంది.

నేను చూసిన వీడియోలన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి. అన్నీ ఇలాగే మొదలవుతాయి. ఒక్క అంగలో మిషన్ మీదికి దూకి, ఎర్ర మీటను బొటనవేలితో గుండెలదిరేలా నొక్కి, వెనక్కి చూడకుండా పరిగెత్తి మా అత్త ఒడిలోంచి పాపను లాక్కున్నాను. మిషన్ మూగబోయింది. స్క్రీన్ ఎర్రబడింది. జీవితంలో మొదటిసారి సమయానికి సరైన పని చేశానని గర్వంతో ఒళ్ళు పులకరించింది.

ఆ గర్వం మిషన్ వెనక్కి వెళ్ళి చూసేదాకా నిలిచింది. అక్కడ నా అరటిపండు ఉంది. నా అగరుబత్తీలు ప్రశాంతంగా వెలుగుతున్నాయి.

ఇక్కడ నిజం చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. నేను ఏం చేశానంటే, అరటిపండును కాలితో మురిక్కాలువలోకి తన్ని, అగరుబత్తీలను గోడకు గీకి, హ్యాండ్‌బ్యాగులో వేసి జిప్పు లాగేశాను.

ఖాదర్ మామ పరుగున వచ్చాడు. "ఏందమ్మా, ఆగిపోయింది?"

"ఏమో మామా" అన్నాను. అంతటితో ఊరుకోలేదు. "కొత్తది కొత్తదని గొప్పలు చెప్పుకోవడమే గానీ, పాతదే నయం. ఏం బిగించారో ఏమో. ఇట్ల పని చేసినోళ్ళను నిలదీసి అడగాల." అబద్ధం చెప్పేటప్పుడు నా గొంతు ఇంత బాగుంటుందని నాకప్పటిదాకా తెలియదు.

అప్పుడు మిషన్ నోరు విప్పింది. "అత్యవసర మీట నొక్కబడినది. దయచేసి సిబ్బందిని సంప్రదించండి."

"ఎవరు నొక్కినారు?" అన్నాడు ఖాదర్ మామ.

"అత్యవసర మీట నొక్కబడినది" అంది మిషన్, నావైపే తిరిగి చెప్తున్నట్టు.

ఆయన వంగి మీటను చూశాడు. ఎర్రటి మీట నడిమధ్యలో, ఆధార్‌కు ఇచ్చినట్టు, గీతలతో సహా స్పష్టంగా, పసుపుపచ్చని బొటనవేలి ముద్ర. నేను చెయ్యి కొంగులో దాచాను.

"బిగించినోళ్ళెవరో పసుపు చేతులతో..." అని మొదలుపెట్టాను.

"లావణ్యా" అంది మా అత్త చాలా నిదానంగా. "నీ బ్యాగు బీడీ తాగతాంది."

జిప్పు సందులోంచి పొగ వస్తోంది. తెరిచి చూస్తే పాప డైపరొకటి అంచున మసిబారి ఉంది. నేను నిజంగా వెలిగించిన మంట ఆ రోజు అదొక్కటే.

మొత్తం చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని. ఖాదర్ మామ మీటను చూశాడు, తర్వాత తన కారును చూశాడు.

"నిప్పనుకున్నావు, ఆపినావు, సరే. మా పిల్లోడు ఆ బండ్లోనే కూర్చోనుండాడు గదమ్మా. ఒక్క కేక ఎయ్యకపోతివే."

నిజమే. పాప కోసం పరిగెత్తానే గానీ, ఆ పూల వెనక ఒక మనిషి ఉన్నాడన్న సంగతే నాకు తోచలేదు. ఇర్ఫాన్ వాళ్ళమ్మ కూడా వాడి విషయంలో ద్రాక్షపండు చూసి భయపడే ఉంటుంది. ఇది రాస్తుంటే నవ్వు రావడం లేదు. మీరు ఈ ఒక్క ముక్కా దాటేసి ముందుకు పోండి.

బోర్డు మీది నంబరుకు ఫోను చేశాం. "మేమంతా జమ్మలమడుగులో ఉండాం, మిషన్ బిగిస్తాండాం. సాయంత్రం దాకా రాలేం" అన్నారు. అద్దె కార్లన్నీ పెళ్ళిళ్ళకే పోయాయి. ఖాదర్ మామ బండిలో ఉన్న చార్జి ముద్దనూరు దాటదు.

"ఇంగేం జూస్తాండావు" అంది మా అత్త నాతో. "నూరు కావాలంటివి గదా, ఎక్కించు వాళ్ళను."

అలా నేను ఒక పెళ్ళికొడుకును తీసుకుని పులివెందులకు బయల్దేరాను. ముందు సీట్లో ఖాదర్ మామ. వెనక ఒక పక్క ఇర్ఫాన్, ఒక పక్క మా అత్త, ఆమె ఒడిలో పాప. పెళ్ళికొడుకు కూర్చున్న వైపు కిటికీకి, ఎండ తగలకుండా నేను కట్టిన పాప పాత లంగా. పెళ్ళి ఊరేగింపుల చరిత్రలో అలాంటి రథం మరొకటి ఉండదు.

"అమ్మా, కొంచెం తొక్కు" అన్నాడు ఖాదర్ మామ ఎర్రగుంట్ల దాటాక. "ఇప్పుడే మనల్ని ట్రాక్టర్ దాటిపోయింది."

"గుంతలున్నాయి మామా."

"గుంతలు ట్రాక్టర్‌కు గూడ ఉండాయి గదమ్మా."

ఇంతలో వెనక నుంచి పాప కేరింతలు. మా పాపకు అందిందల్లా పీకడం అలవాటు. ఎదురుగా ముఖం నిండా పూలు వేలాడదీసుకున్న మనిషి దొరికితే వదులుతుందా?

"అత్తా, ఏం చేస్తాంది?"

"పూలు తెంపుతాంది."

"నోట్లో పెట్టుకుంటాందా?"

"పెండ్లికొడుకు నోట్లో పెడతాంది. నువ్వు రోడ్డు జూడు."

ఇర్ఫాన్ మొదటిసారి మాట్లాడాడు. "తెంపనీ లేక్కా. దీంట్లోనించి నాకేం కనపడలే. ఇప్పుడు శానా బాగుంది."

పులివెందుల షాదీఖానా గేటు దగ్గర పెళ్ళికూతురి నాన్న నిలబడి ఉన్నాడు. నమాజు ఎప్పుడో అయిపోయిందని ఆయన ముఖమే చెబుతోంది. కారు ఆగింది. ముందుగా మా అత్త దిగింది, ఆమె చంకలో రెండు గుప్పిళ్ళ నిండా మల్లెలతో మా పాప, ఆ తర్వాత పూల తెరకు బదులు కొన్ని దారాలు వేలాడుతున్న పెళ్ళికొడుకు.

"ఏందిది?" అన్నాడు ఆయన. "నేను ముందే చెప్పినా, వీడు టయానికి రాడని."

ఖాదర్ మామ నా వైపు చూడకుండానే, "మిషన్ చెడిపోయింది బావా" అన్నాడు. నన్ను కాపాడాలని. ఎవరి కోసం తొంబై దగ్గర ఆపనన్నానో, ఆ మనిషే నన్ను కాపాడుతున్నాడు.

కారు దిగి ముందుకొచ్చాను. "మిషన్ బాగానే ఉంది సార్. మీ అల్లుడు టయానికే బయల్దేరినాడు. నేనే ఆపినా." అగరుబత్తీలతో సహా చెప్పి, సాక్ష్యంగా పసుపు వేలు కూడా చూపించాను.

ఆయన వేలును చూశాడు. మల్లెపూవు నములుతున్న పాపను చూశాడు.

"అయితే తప్పు వానిది కాదు" అన్నాడు చివరికి. "ఖాజీ సాబును నేనే పట్టుకోని కూర్చోబెట్టినా, లోపలికి రాండి." లోపలికి తిరిగి కేకేశాడు. "ఒరే, ఈయమ్మకు కుర్చీ ఎయ్యండి. స్విచ్చుబోర్డుకు దూరంగా."

నిఖా జరిగింది. తర్వాత ఇర్ఫాన్ కువైట్‌కు పోయే ముందు మా అత్త ఫోనుకు ఒక ఫోటో పంపాడు. కొత్త దంపతులు నవ్వుతున్నారు. మా పాప మధ్యలో కూర్చుని ఉంది. ఒక మూల నేను, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని.

పొద్దుటూరు చార్జింగ్ స్టేషన్‌ను ఈ మధ్య ఇంకోసారి మెరుగుపరిచారు. ఎర్ర మీటకు అద్దం మూత వచ్చింది. పక్కన కొత్త బోర్డు: "మిషన్‌కు పూజలు చేయరాదు. అగరుబత్తీలు వెలిగించరాదు." ఊరి అభివృద్ధికి నా వంతుగా నేను చేసినదేమైనా ఉంటే అదే. మా ఆయన ఆ బోర్డును ఫోటో తీసి ప్లాంటులో అందరికీ చూపించాడు. తను పుట్టించిన కరెంటును భార్య ఆపేసిందని ఇప్పుడక్కడ అందరికీ తెలుసు.

కాబట్టి ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట పొగ కనిపిస్తే ముందు పక్క బండిలో ఉన్నవాళ్ళకు కేక వేస్తాను, తర్వాత వెనక్కి వెళ్ళి చూస్తాను, ఆ తర్వాతే ఏ మీటనైనా నొక్కుతాను. వెనక ఎవరైనా ఉంటే ఎనబై దగ్గరే గన్ను తీసేస్తాను. పాప మీద ఒట్టు వేసేంత ధైర్యం నాకు లేదు కాబట్టి, ఆ చార్జింగ్ మిషన్ మీదే ఒట్టు వేస్తున్నాను. రోడ్డుకు ఇవతల నిలబడి, చేతులు కట్టుకుని.