ఒకటిన్నర సెంటీమీటరు

రాజమహేంద్రవరంలోని ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్ మోతాదులు లెక్కగట్టడం నా ఉద్యోగం. రెండేళ్ల కిందట, రొమ్ముకు ఆపరేషన్ అయిన మా అక్క పదిహేను విడతల రేడియేషన్ కోసం నా యంత్రం కిందికే వచ్చింది. కొవ్వూరు దగ్గరి హైస్కూల్లో సైన్సు టీచరు. రోజూ బస్సులో వంతెన దాటి వచ్చేది.

మొదటి రోజు బల్ల మీద పడుకొని నన్ను ఆటపట్టించింది.

“పరమాణువులో కేంద్రకం ఇంతే, మిగతాదంతా ఖాళీయే అని ఏళ్ల తరబడి పిల్లలకి చెప్తున్నానే. ఆ ఖాళీకి గురిపెట్టి నువ్వు కొట్టేదేంటి?”

“కిరణంలోని కొన్ని ఫోటాన్లు దేన్నీ తాకకుండానే బయటికి పోతాయక్కా. తాకినవి ఒక్కో ఎలక్ట్రాన్‌ని తన్ని లేపుతాయి. ఆ ఎలక్ట్రాన్లు జీవకణంలో డీఎన్‌ఏని తెంపుతాయి.”

“ఏ ఎలక్ట్రానో?”

“అది ఎవరూ చెప్పలేరు.”

“అబ్బో! ఇంత చదివి ఇదా చెప్పడం!”

టెక్నీషియన్ నవ్వాడు. నేను నవ్వలేదు. ఆమె చర్మం మీద మార్కర్‌తో పెట్టిన గుర్తులు చూపించి, కిరణాన్ని నిలిపేది వాటిని బట్టేననీ, అవి చెరిగితే చికిత్స ఆగుతుందనీ హెచ్చరించాను. అక్క గనక, మిగతా రోగులకు చెప్పేదానికన్నా కటువుగానే చెప్పాను. గొంతు కింది గుంట నుంచి ఒక్కో గుర్తు ఎంత దూరమో కార్డులో రాసిచ్చాను.

రెండో ఆదివారం చర్చి సంఘస్త్రీలు అక్క ఇంటికి వచ్చి ప్రార్థన చేశారు. వారిలో ఒక పెద్దావిడ ప్రార్థించిన నూనెను జబ్బున్న చోట రాసింది. వద్దనడానికి అక్కకు నోరు రాలేదు. మార్కర్ సిరా నూనెకు కరిగిపోయింది. అక్క అద్దం ముందు నిలబడి, కార్డులోని కొలతల ప్రకారం స్కేలుతో గుర్తులు మళ్లీ పెట్టుకుంది. అయితే ఆ కొలతలు నేను తీసింది ఆమె పడుకొని, చేతులు తలపైకి ఎత్తి ఉన్నప్పుడు. నిలబడితే చర్మం కిందికి జారుతుంది. పడుకోగానే కొత్త గుర్తులు పైకి జరిగాయి.

గురువారం, గురి సరిచూసే వారపు ఎక్స్‌రే తీసినప్పుడు టెక్నీషియన్ నన్ను పిలిచాడు. “మేడమ్, గుర్తులు బానే ఉన్నాయండి. ఎముకలే ప్లాన్‌తో సరిపోవట్లేదండి.”

తేడా ఒకటిన్నర సెంటీమీటరు. అప్పటికి మూడు విడతలు అలాగే అయిపోయాయి.

“నాకు చెప్పొచ్చు కదక్కా?”

“తిడతావనే. స్కేలు పెట్టి కొలిచాను, మిల్లీమీటరు తేడా లేదే.”

గుర్తులు సరిచేసి మిగతా విడతలు పూర్తిచేశాం. కింది అంచున ఒక సన్నని పట్టీకి మోతాదు తగ్గింది. ఆ లోటు స్వల్పమన్నారు డాక్టరు గారు. నా లెక్క కూడా అదే చెప్పింది, సంతకం చేశాను.

ఈ ఏడాది గడ్డ మళ్లీ వచ్చింది. కొత్త స్కాన్‌ను పాత ప్లాన్ మీద పరిచి చూశాను. సగం ఆ పట్టీలో ఉంది, సగం పూర్తి మోతాదు అందిన చోట ఉంది. ఆ లోటు వల్లే వచ్చిందని గానీ, కాదని గానీ దాన్నిబట్టి రుజువు కాదు.

“మళ్లీ పెట్టవే. ఈసారి నూనె తగలనివ్వను,” అంది అక్క.

“కుదరదక్కా. అక్కడి చర్మం, ఎముక తట్టుకోగలిగినంతా ఇచ్చేశాం.”

“మూడు రోజులది బాకీ ఉందిగా?”

“ఆ మాత్రానికి ఇప్పుడీ గడ్డ లొంగదు.”

నూనెకు గుర్తులు చెరిగిన సంగతి ఆ పెద్దావిడకు ఎప్పటికీ తెలియనివ్వనని అక్క నా దగ్గర మాట తీసుకుంది. ఇచ్చాను. అక్క కోసం నేను చేయగలిగింది ఇక అంతే.