జీవానందం పీతల చెరువు

జీవానందానికి కాలు ఒకచోట నిలవదని నాగాయలంక చుట్టుపక్కల చిన్నపిల్లలకు కూడా తెలుసు. అవనిగడ్డ బస్టాండులో సోడాబండి పెట్టి, ఎండాకాలం రాకముందే ఎత్తేశాడు. గుడివాడలో సైకిల్ షాపులో వాటా తీసుకుని, పంక్చరు వెయ్యడం రాకుండానే తిరిగొచ్చాడు. చర్చిలో ప్రార్థన సగంలో ఉండగా బీడీకని లేచిపోయే మనిషి వ్యాపారం ఏం చేస్తాడు చెప్పండి!

ఆ ఏడు మండపీతలకు గిరాకీ వచ్చింది. గుల్ల విడిచి మెత్తగా, లోపల నీళ్లతో ఉన్న పీతల్ని చవగ్గా కొని, చిన్న చెరువులో చేపముక్కలు వేసి మేపితే, నెల తిరిగేసరికి గుల్ల గట్టిపడి కండ పడుతుంది. ఆగలేక ముందే పట్టామా, దండగ. మేత తప్పిందా, ఒకదాన్నొకటి పీక్కుతింటాయి. జీవానందం ఈ పనిలోకి దిగుతున్నాడని విని ఊరంతా నవ్వింది. పెళ్లాం రాహేలు మాత్రం నవ్వలేదు. చెవికమ్మలు తీసి చేతిలో పెట్టి, "ఈసారి మధ్యలో వదిలేసి వచ్చావంటే గడప తొక్కనివ్వను" అంది. అన్నంత పనీ చేసే మనిషే ఆవిడ.

చిత్రం, జీవానందం కుదురుకున్నాడు! గట్టు మీద పాక వేసుకుని అక్కడే పడుకున్నాడు. కండ పట్టిందో లేదో తీసి చూద్దామని చేతులు దురదపెట్టినా ముట్టుకోలేదు. ముట్టుకుంటే బెదిరి ముందుకాళ్ల డెక్కలు రాల్చేస్తాయి, డెక్క లేని పీతను ఎవడూ కొనడు. అన్నం పట్టుకెళ్లే రాహేలు అతన్ని దూరం నుంచే చూసి మురిసిపోయేది. దేవుడు మా ఆయనకు బుద్ధిచ్చాడని చర్చిలో సాక్ష్యం కూడా చెప్పింది.

మూడోవారంలో, గట్టెక్కి పారిపోతున్న పీతను లోపలికి తోస్తుంటే పాదాన్ని డెక్కతో పట్టేసింది. పసుపు అద్దుకుని ఊరుకున్నాడు. కాలు పిక్కదాకా వాచింది. ఒళ్లు కాలిపోతోంది.

"బందరు పెద్దాసుపత్రికి వెళ్దాం పదయ్యా. మేత నేనేస్తాలే" అంది రాహేలు.

"సోమవారం పీతలు పట్టించి వెళ్దాం. నా సంగతి నాకు తెలుసే. ఇప్పుడు లేచానంటే మళ్లీ ఈ గట్టెక్కను."

రాహేలు ఇక గట్టిగా అడగలేదు. నిజం చెప్పాలంటే, ఆ మాట ఆవిడకు నచ్చింది. ఇన్నేళ్ల కాపురంలో మొగుడి నోట అలాంటి మాట వినడం అదే మొదలు.

శుక్రవారం తెల్లారి పిలిస్తే పలకలేదు. ఆటోలో వేసుకుని పరిగెత్తారు. "విషం ఒళ్లంతా పాకిపోయిందమ్మా, ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు?" అని కసురుకున్నాడు డాక్టరు. శనివారం జీవానందం పోయాడు.

ఆ మూడు రోజులూ రాహేలు తమ్ముడు హరిబాబు మేత వేశాడు. హరిబాబు వేసినా పీతలు చక్కగా తిన్నాయి. మేత ఎవరు వేసినా ఒకటేనని అప్పుడే గట్టిగా చెప్పినవాళ్లు లేరు, ఏం చేస్తాం!

సోమవారం పీతలు కొనే భూషణం వచ్చాడు. చెరువు తోడించి చూస్తే అన్నీ గట్టి పీతలే, అన్నిటికీ రెండు డెక్కలూ ఉన్నాయి. ఒకదాన్ని వెల్లకిలా తిప్పి నొక్కి చూశాడు.

"బావకున్న ఓర్పు ఈ దివిసీమలో ఎవరికుందక్కా!" అన్నాడు, ఓదార్పుగానే.

ఊళ్లో ఎవరో ఒకరు ఆ మాట అనాలనే కదా ఆవిడ కమ్మలు తీసిచ్చింది! రాహేలు గట్టు మీద కూలబడిపోయింది.

"ఓర్పు లేనప్పుడే నయం భూషణం. బీడీ కోసమన్నా లేచి వచ్చేవాడు. మధ్యలో వచ్చేస్తే నేను తలుపు తియ్యనా? నువ్వే చెప్పు, తియ్యనా?" అంటూ గుండెలు బాదుకుంది.