వదిన పచ్చి బ్రాంచి

మా వదిన కూర పూర్తిగా ఉడికేదాకా మూత ఎత్తనివ్వదు. కంప్యూటరుకి రాసే కోడు విషయంలోనూ అంతే. ఒకే ఇంట్లో, ఒకే ప్రాజెక్టులో ఆవిడతో వేగుతున్నదాన్ని కాబట్టి ఆ మాట అనే హక్కు నాకుంది.

చూపు లేనివాళ్లకు పుస్తకాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ మాది. ఎక్కడెక్కడి వాళ్లమో కలిసి, జీతంతో పని లేకుండా, ఇష్టంకొద్దీ చేస్తున్నాం. వదిన కోడు రాస్తుంది, నేను అందులో తప్పులు వెతుకుతాను. ఆడపడుచుకి ఇంతకన్నా తగిన పని ఉంటుందా? అసలు ప్రోగ్రామును ముట్టుకోకుండా పక్కన ఇంకో కాపీ తీసుకుని ప్రయోగాలు చేస్తే దాన్ని బ్రాంచి అంటాం. అది సగంలో ఉన్నా సరే, పేరు ముందు ‘పచ్చి’ అని తగిలించి అందరికీ కనబడేలా పెట్టాలనీ, దాన్ని చూసి ఎవరూ నవ్వకూడదనీ మాలో మాకొక కట్టుబాటు. వదిన తప్ప అందరూ పెట్టినవాళ్లే.

ఈసారి ఆవిడ మొదలుపెట్టింది వాళ్ల నాన్నగారి కోసం. ఆయన టైలరు. మా ఇంట్లోనే ఉంటారు. చూపు పోయి కుట్టుమిషను మూలపడినా నిబ్బరంగానే ఉన్నారు గానీ, డిటెక్టివ్ నవలలు దూరమవడం మాత్రం తట్టుకోలేకపోయారు. మా సాఫ్ట్‌వేర్ పెడితే రెండు పేజీలు విని, ఇది చదవడం కాదు తరమడం అని లేచిపోయారు. వదిన ఆ చదివే గొంతును కామాల దగ్గర కాస్త ఆపింది, చుక్కల దగ్గర ఇంకాస్త ఆపింది. ఆయన లేచిపోవడం మాత్రం మానలేదు. చివరికొకరోజు, “నాకింక కథలెందుకులే తల్లీ, శ్రమపడకు,” అన్నారు. ఆ పూట వదిన కంచం ముందు నుంచి లేచిపోయింది.

బ్రాంచిని నలుగురికీ చూపించమంటే, ఇంకా కుదరలేదంటుంది. నాకు ఒళ్లు మండింది.

“పరువు దాచుకుంటావా వదినా, మీ నాన్నకి పుస్తకం ఇస్తావా? ఏదో ఒకటి తేల్చుకో.”

మర్నాడంతా నా మీద అలిగింది. సాయంత్రానికి మాత్రం బ్రాంచి పెట్టేసింది, పైన బారెడు క్షమాపణతో. ఆ కంగారులో చెరపాల్సినవి చెరపడం మరిచిపోయింది. పరీక్ష కోసం వాడిన కథలో, వాక్యాల పక్కన తన కోసం రాసుకున్న ముక్కలన్నీ అలాగే ఉండిపోయాయి. ‘నాన్న ఇక్కడ విసుక్కున్నారు.’ ‘ఈ మాట ఎవరన్నారని అడిగారు.’ ‘ఇక్కడ లేచి వెళ్లిపోయారు.’

ఇంటిగుట్టు రచ్చకెక్కిందని వదిన తల పట్టుకుంది. గబగబా తీసేయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. అప్పటికే జవాబొకటి వచ్చి ఉంది. రేడియో నాటకాలు ఆడించే ఆవిడట, మాకు మొహం కూడా తెలియదు. మీ నాన్నగారు విసుక్కున్నవన్నీ ఇద్దరు మాట్లాడుకునే చోట్లే, కామాలను వదిలేసి మాట ఒకరి నుంచి ఇంకొకరికి మారేచోట ఆపి చూడండి అని రాసింది. ఇన్నాళ్లూ తప్పులు వెతికే నాకే అది తట్టలేదు, సిగ్గేసింది. ఆ వెనకే ఇంకొకరు మనిషి మారినప్పుడల్లా గొంతు కాస్త మారేలా కోడు జతచేశారు. మా అమ్మ కూడా సరిగ్గా అక్కడే లేచిపోతుందండీ అని మరొకాయన రాశాడు. నవ్విన పాపాన ఎవరూ పోలేదు. వదిన మాత్రం చాలా రోజుల తర్వాత మనసారా నవ్వింది.

అన్నీ కలిపి, ఒక సెలవురోజు పొద్దున టైలరు గారికి ఆయన లేచిపోయిన పాత నవలే పెట్టాం. వదిన గుమ్మంలోనే నిలబడిపోయింది. భోజనాల వేళ మళ్లీ వచ్చి, ఎలా ఉంది నాన్నా అని అడిగింది. ఆయన చెయ్యి విసిరారు. దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేసేసరికి కసురుకున్నారు.

“కాసేపు నోరు మూసుకోవే! హంతకుడు దొరికేలా ఉన్నాడిక్కడ.”

వదిన వంటింట్లోకి పరుగెత్తి, నన్ను పట్టుకుని ఏడుస్తూ నవ్వింది. కన్నతండ్రి చేత తిట్లు తిని అంతలా మురిసిపోయిన కూతుర్ని నేనెక్కడా చూడలేదు.