బోణీ ముక్క

ఉద్యోగం పోగొట్టుకోవడానికి లోకంలో చాలా దారులున్నాయి. పనికి ఎగ్గొట్టి పోగొట్టుకోవచ్చు, పై అధికారితో పేచీ పెట్టుకొని పోగొట్టుకోవచ్చు, కంపెనీయే మూతపడితే మన ప్రమేయం లేకుండా కూడా పోతుంది. ఇవన్నీ అందరూ చేసేవే, ఇందులో గొప్పేమీ లేదు. నేను మాత్రం వేళకు పోయి, ఒళ్ళు వంచి పనిచేసి, అడగని నిజం కూడా చెప్పి, పర్మనెంటు కావడానికి తొమ్మిది రోజుల ముందు ఉద్యోగాన్ని, దాంతోబాటు కుదిరిన పెళ్ళిసంబంధాన్ని ఒకే వారంలో ఊడగొట్టుకున్నాను. ఇది చదివి మీరు నవ్వితే నేనేమీ అనుకోను. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

మాది హిందూపురం. మా నాయనకు బజారులో చింతపండు, బెల్లం అంగడి. నేను నడక నేర్చిందీ, ఎక్కాలు నేర్చిందీ ఆ అంగట్లోనే. అక్కడ నేర్చుకున్న వాటిలో అన్నిటికన్నా గట్టిది బోణీ. పొద్దున్నే వచ్చిన మొదటి మనిషిని వట్టి చేతులతో పంపకూడదు. నష్టం వచ్చినా సరే, బేరం తెగాలి. మొదటివాడు తిరిగిపోయాడా, ఆ రోజంతా మనం ఈగలు తోలుకోవడమే. ఒకసారి ఒకాయన పొద్దున్నే వచ్చి, నాలుగు రకాల బెల్లం రుచి చూసి, కడుపు నిండినట్టుంది, వెళ్ళిపోబోయాడు. నాయన ఆయన్ని సగం వీధి దాకా వెంబడించి, కొన్న ధరకన్నా తక్కువకు ఒక అచ్చు బెల్లం చేతిలో పెట్టి వచ్చాడు. వచ్చి, "బోణీ యాడైనా బోణీనేరా మురళీ" అన్నాడు. మనసులో పడే మాటలు అలాగే పడతాయి. చదివిన బీకాంలో ఒక్క ముక్కా గుర్తులేదు గానీ ఆ మాట మాత్రం నిలిచిపోయింది.

ఈ అంగడి తనతోనే సరి అనీ, నన్ను నెల జీతం వచ్చే పర్మనెంటు పని చూసుకోమనీ నాయనే చెప్పాడు. అలా పెనుకొండ దగ్గర హైవే పక్కనున్న ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద చేరాను. కార్ల సీట్ల కింద బిగించే ఇనుప ముక్కలు అక్కడ తయారవుతాయి. బీకాం చదివినవాడికి ఇనుప ముక్కలతో ఏం పని అని అడక్కండి. కంపెనీ బస్సులో నా పక్క సీటువాడు ఎంటెక్.

కాంట్రాక్టు సంగతి తెలియనివాళ్ళ కోసం ఒక మాట. ఆరు నెలలకోసారి మనకు బ్రేక్ ఇస్తారు. అంటే పది రోజులు ఇంటికి పంపి, కొత్త కార్డు చేతిలో పెట్టి, కొత్తగా చేర్చుకున్నట్టు మళ్ళీ చేర్చుకుంటారు. మనిషి అదే, మిషను అదే, చెమట కూడా అదే. పర్మనెంటు వాళ్ళకు నీలం టోపీ, మాకు పసుపు టోపీ. పసుపు మంగళకరమని మా అమ్మ సంతోషించింది. నాలుగు బ్రేకులు తిన్న తర్వాత నాకు ఆ రంగంటేనే వెగటు పుట్టి, ఇంట్లో పులిహోర కూడా మానేశాను.

అలాంటి రోజుల్లో మా విభాగంలో ఒక నీలం టోపీ ఖాళీ అయిందనీ, లిస్టులో నా పేరు పైనే ఉందనీ మా సూపర్‌వైజరు బసవరాజు చెప్పాడు. కర్ణాటక సరిహద్దులోని అగళి మనిషి. కన్నడం, తెలుగు కలిపి మాట్లాడతాడు, కోపం వస్తే మాత్రం కన్నడం ఒక్కటే. లిస్టులో పేరుందన్న మాట నేను ఇంట్లో చెప్పాను. నాయన బజారులో చెప్పాడు. ఆ మాట పది అంగళ్ళు దాటేసరికి నేను పర్మనెంటు అయిపోయి ఏడాది అయింది. ఆలు లేదు, చూలు లేదు, అల్లుడి పేరు పర్మనెంటు. ధర్మవరం నుంచి సంబంధం వచ్చింది. నాగభూషణం గారని, పట్టుచీరల అంగడి. మగ్గాలవాళ్ళ దగ్గర చీరలు కొని అమ్ముతారు. ఒక్కతే కూతురు, పేరు శ్రావణి. పిల్లను చూసి వచ్చాను. కాఫీలో చక్కెర చాలిందా అని ఆమె అడిగింది. చాలిందన్నాను. నిజానికి చక్కెర వేయడమే మరిచిపోయారు. ఆ కాఫీ రుచిని బస్సులో హిందూపురం దాకా తలుచుకుంటూ వచ్చానంటే, నా పరిస్థితి మీకు అర్థమయ్యే ఉంటుంది. నాగభూషణం గారి షరతు ఒక్కటే. పర్మనెంటు ఆర్డరు కాగితం కళ్ళతో చూసి తాంబూలాలు మార్చుకుంటారు.

ఇక నా పని. మిషను మొదలు పెట్టగానే వచ్చిన మొదటి ముక్కను నా టేబులు మీదికి తెస్తారు. నా దగ్గర గేజి అని ఒక ఇనుప అచ్చు ఉంటుంది. ముక్క అందులో సాఫీగా కూర్చుంటే మంచిది, కూర్చోకపోతే చెడ్డది. మంచిదైతే ఓకే అని ముద్ర కొడతాను, అప్పుడు మిషను వదులుతారు. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ఆ ఒక్క ముక్క లాంటివే వేలకు వేలు దిగుతాయి. మొదటి ముక్కను చూడడం ఎంత పెద్ద బాధ్యతో ఇప్పుడు మీకు తెలిసింది. నాకూ తెలుసు. కానీ నాకు ఇంకో సంగతి కూడా తెలుసు. అది ఆ రోజుకు బోణీ.

పొద్దున్నే వచ్చిన మొదటి ముక్కను వద్దని తిప్పి పంపడానికి నాకు చేయి రాలేదు. టేబులు దగ్గర కూర్చున్న మొదటి రోజే మనసులో నిర్ణయం చేసుకున్నాను. రెండో ముక్క నుంచి ఎంత కఠినంగానైనా ఉంటాను, బోణీ ముక్కను మాత్రం కాదనను. నా అదృష్టమో, మిషను సరిచేసేవాళ్ళ పుణ్యమో, పదకొండు నెలలు వచ్చిన ప్రతి మొదటి ముక్కా మంచిదే వచ్చింది. దాంతో అదంతా నా బోణీ మహిమే అనుకున్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటారు. నా కుందేలుకు నేను లెక్క కూడా పెట్టలేదు.

ఒక సోమవారం మిషనులో ముక్కలను దించే అచ్చు మార్చారు. మొదటి ముక్క వచ్చింది. గేజిలో పెట్టాను, కూర్చోలేదు. తిప్పి పెట్టాను, ఊహూఁ. బొటనవేలితో కొంచెం నొక్కాను. సంచిలో పట్టని చింతపండును నాయన ఎలా నొక్కుతాడో అలా. టక్కుమని కూర్చుంది. బసవరాజు దూరం నుంచి కేకేశాడు.

"ఏమప్పా, సరిగ్గా ఉండాదా?"

"ఉండాదన్నా. రవ్వంత బిగువు, అంతే."

"బిగువంటే? ఇంకోటి తీసి చూడాల్నా?"

"అక్కర్లేదన్నా. పొద్దున్నే మొదటిదాన్ని ఎందుకు కాదనాల?"

ముద్ర కొట్టాను. ముక్కను కళ్ళకద్దుకున్నాను కూడా. మిషను వదిలారు. ఆదిలోనే హంసపాదు పడితే తెలిసి చచ్చేది. నేను దాని మీద ఓకే ముద్ర కొట్టాను కాబట్టి ఎవరికీ కనబడలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ ఫోను మోగింది. కార్ల కంపెనీలో మా ముక్కలు సీట్లకు పట్టడం లేదు. ఒకటి కాదు, పొద్దున్నుంచి పోయినవన్నీ. అక్కడ లైను ఆగిపోయింది. కారు తయారవుతోంది గానీ సీటు లేదు. డ్రైవరు నిలబడి నడిపే కారుకు ఇంకా గిరాకీ రాలేదు కదా. బసవరాజు నా దగ్గరికి వచ్చి కన్నడంలో నాలుగు మాటలన్నాడు. హిందూపురంలో పుట్టిన పాపానికి నాకన్నీ అర్థమయ్యాయి.

సాయంత్రం మేనేజరు గారి గదిలో విచారణ. ఆయనది కోయంబత్తూరు. తెలుగు బాగానే అర్థమవుతుంది, మాట్లాడడంలో మాత్రం పొదుపు. బసవరాజు మంచివాడు. లోపలికి పోయేముందే నా చెవిలో, గేజి అరిగిపోయిందని తాను చెబుతాననీ, నన్ను తల ఊపమనీ, నోరు మాత్రం తెరవొద్దనీ చెప్పాడు. చెప్పినట్టే చేశాడు. మేనేజరు గారు గేజిని అటూ ఇటూ తిప్పి చూసి, నిట్టూర్చి, ఒక మెమో ఇచ్చి వదిలేద్దామన్నారు. పర్మనెంటు లిస్టు జోలికి పోలేదు. అంతా అయిపోయింది. నేను లేచి నమస్కారం పెట్టి బయటికి రావాలి. మూడడుగులు.

కానీ ఆ మెమోలో నిర్లక్ష్యం అన్న మాట రాస్తున్నారు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. పదకొండు నెలలు నియమం తప్పనివాణ్ణి, నన్ను నిర్లక్ష్యం అంటారా?

"సార్, ఇది నిర్లక్ష్యం కాదు. పద్ధతి."

టేబులు కింద బసవరాజు నా కాలు తొక్కాడు. బూట్లు కదా, సరిగా తెలియలేదు.

"ఏం పద్ధతి?" అన్నారు మేనేజరు గారు.

"పొద్దున మొదటి ముక్కను నేను తిప్పి పంపను సార్. బోణీ కదా. మా నాయన నేర్పించినాడు."

"ఎప్పట్నుంచి?"

"ఈ టేబులు దగ్గర కూర్చున్నప్పట్నుంచి. పదకొండు నెలలు సార్. ఒక్క రోజు కూడా తప్పలేదు."

మేనేజరు గారు కళ్ళజోడు తీసి టేబులు మీద పెట్టారు. బసవరాజు నా కాలు మీద నుంచి తన కాలు తీసేశాడు. తొక్కడానికి ఇంకేమీ మిగల్లేదనుకున్నాడు కాబోలు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఏమిటో పుస్తకాల్లో చదివాను. ఆ గదిలో చేసి చూపించాను. ఆ తర్వాత మూడు రోజులు తొమ్మిదిమంది గోడౌనులో కూర్చుని పాత ముక్కలన్నీ గేజిలో పెట్టి చూశారట. ఒక్కటీ చెడ్డది దొరకలేదు. బసవరాజు ఫోను చేసి ఆ మాట చెప్పాడు. నా తరఫున సంతోషించే స్థితిలో మాత్రం ఆయన గొంతు లేదు.

విచారణ జరిగిన సాయంత్రమే కాంట్రాక్టరు నన్ను పిలిచి, అప్పటిదాకా జీతం లెక్కగట్టి చేతిలో పెట్టాడు. ఈసారి బ్రేక్ కొంచెం పెద్దదిగా ఉంటుందన్నాడు. ఎంత పెద్దదని అడిగాను. నన్ను ఫోను చేయొద్దనీ, తానే చేస్తాననీ అన్నాడు. ఇన్నేళ్ళయినా ఆయనకు తీరిక దొరకలేదు.

ఇంటికి పోయి నాయనకు చెప్పాను. అంగడి వేరు, ఫ్యాక్టరీ వేరని కూడా తెలియదా అన్నాడు. బోణీ యాడైనా బోణీనే అన్నది ఎవరు నాయనా, అన్నాను.  ఆ తర్వాత ఆయన నన్ను ఒక్క మాట తిట్టలేదు. అదే భరించలేకపోయాను. తిట్టి ఉంటే హాయిగా అన్నం తినేవాణ్ణి. రేపు బజారులో పది అంగళ్ళవాళ్ళు పలకరిస్తే ఆయన ఏం చెప్పుకుంటాడు అన్న దిగులుతో నాకు ముద్ద దిగలేదు. శ్రావణి సంగతి తలుచుకుంటే అసలు దిగలేదు.

ధర్మవరం వాళ్ళకు ఇప్పుడే చెప్పొద్దనీ, ఏదో ఒక పని దొరికాక చూద్దామనీ నాయన సలహా ఇచ్చాడు. నేను ఒప్పుకోలేదు. నిజం చెప్పడంలో నాకు అప్పటికే మంచి అనుభవం ఉంది కదా. ఆలస్యం ఎందుకని మరునాడే మొదటి రైలెక్కాను. దారి పొడవునా ఏం చెప్పాలో సాధన చేశాను. మామా అని పిలవాలా, సార్ అని పిలవాలా అన్నది మాత్రం ధర్మవరం స్టేషను వచ్చినా తేలలేదు.

నాగభూషణం గారు అప్పుడే అంగడి తెరిచి, ఊదుబత్తి వెలిగించి, గద్దె మీద కూర్చున్నారు. నన్ను చూసి ముఖం విప్పారింది. ఆర్డరు కాగితం తెచ్చాననుకున్నారు పాపం. నేను నిలబడే మొత్తం చెప్పాను. బోణీ దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్ళు చెమర్చాయి.

"ఈ కాలంలో ఇంత పద్ధతి తెలిసిన పిల్లోళ్ళు యాడుండారప్పా," అన్నారు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. పర్మనెంటు పోతే పోయింది, మనిషి విలువ తెలిసిన ఇల్లు దొరికిందనుకున్నాను. మామా అందామని నోరు తెరిచాను.

"పిల్లను మాత్రం ఇయ్యలేనప్పా. పద్ధతి బంగారమే, కాదన్ను. నెలాఖరుకు జీతం ఇస్తాదా?"

ఇచ్చేదైతే నేను ముందే చెప్పుకునేవాణ్ణి. అంగడి వెనకే వాళ్ళ ఇల్లు. లోపలి గది తలుపు దగ్గర గాజుల చప్పుడు వినబడి, ఆగిపోయింది. ఆ క్షణంలో నాకు నిజంగా ఏడుపొచ్చింది, దాచుకోవడం దేనికి. తల వంచుకొని చెప్పులు వేసుకున్నాను.

"ఏమప్పా, యాడికి పోతాండావు?" అన్నారు వెనక నుంచి. "ఇంకా బోణీ కాలేదు. మొదట వచ్చినోడివి, వట్టి చేతుల్తో పోతే నాకు ఈ దినమంతా ఏమైపోవాల? నీకు నేను చెప్పాల్నా?"

చెప్పనక్కర్లేదు. ఉద్యోగాన్ని బలిచ్చి నిలబెట్టిన నియమాన్ని గడప మీద ఎలా వదిలేస్తాను? చెప్పులు విప్పి మళ్ళీ లోపలికి పోయాను. ఆయన ఓపికగా పది చీరలు పరిచి చూపించారు. నా ఆఖరి జీతం జేబులోనే ఉంది. చిలకపచ్చ రంగు, ఎర్ర అంచు. ఆ డబ్బును ఆయన ఎంత భక్తిగా కళ్ళకద్దుకొని గల్లాపెట్టెలో వేశారంటే, అంత ప్రేమగా అల్లుణ్ణి కూడా ఎవరూ చూసి ఉండరు.

మూడు నెలలకు శ్రావణి పెళ్ళి శుభలేఖ మా ఇంటికి వచ్చింది. చుట్టరికం కుదరకపోయినా వాళ్ళకు మేం గిరాకీలమే కదా. పెళ్ళికొడుకు ఏదో ప్రభుత్వాఫీసులో పర్మనెంటట. మా అమ్మ ఆ చిలకపచ్చ చీరే కట్టుకొని వెళ్ళివచ్చింది. పెళ్ళిలో అందరూ చీర బాగుందన్నారనీ, ఎంతకు పడిందని అడిగారనీ మురిసిపోతూ చెప్పింది. ఎంతకు పడిందో నాకూ నాయనకూ మాత్రమే తెలుసు.

ఇప్పుడు ఇంకో కంపెనీలో చేస్తున్నాను. కాంట్రాక్టే లెండి, టోపీ నారింజ రంగు. అందుకే మా ఇలవేల్పు సాక్షిగా, చింతపండు తక్కెడ మీద చేయి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీద ఎంతటి నిజమైనా సరే, అవతలివాళ్ళ అంగట్లో బోణీ అయిందా అని వాకబు చేసుకోనిదే నోరు విప్పను.