స్టార్టర్ కేబుల్, నా పులిహోర

ఈ రోజు పొద్దున మా ఆయన కారుకి పూజ చేశాం. మధ్యాహ్నానికి దాన్ని లారీ ఎక్కించి పంపేశాం.

ఈయన ఇంగ్లండ్‌లోని రీడింగ్ అనే ఊళ్లో నెట్‌వర్క్ ఇంజినీరు. ఆఫీసు సర్వర్ గదిలో ఒక్క వైరు వేలాడినా అన్నం సయించదు. గరాజ్‌లో ఏళ్లుగా బాగుచేస్తున్న పాత అమెరికన్ కారుకీ అదే పద్ధతి. బ్యాటరీ నుంచి స్టార్టర్‌కి వెళ్లే లావు కేబుల్ బయటికి కనపడకూడదని ఎగ్జాస్ట్ గొట్టం వెంబడే లాగి, వైర్లు కట్టే ప్లాస్టిక్ టైలతో ముచ్చటగా బిగించారు.

"ఆ గొట్టం కాలుతుంది కదండీ, ప్లాస్టిక్ ఆగుతుందా?" అన్నాను పోయిన వారం.

"ఇది వంటిల్లు కాదు. కేబుళ్ల సంగతి నాకు చెప్పకు," అన్నారు, ఫ్రెండ్స్ అందరి ముందూ.

ఈ రోజు ఆ ఫ్రెండ్సే కుటుంబాలతో వచ్చారు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఇంజిన్ స్టార్ట్ చేశారు. కామ్‌కార్డర్‌లో మోత బాగా రావాలని ఈయన యాక్సిలరేటర్ తొక్కి రేజ్ చేస్తూనే ఉన్నారు. మాడిన ప్లాస్టిక్ వాసన ముందు నాకే వచ్చింది. నేను పులిహోర వడ్డిస్తూనే ఉన్నాను.

టైలు కరిగి కేబుల్ వెళ్లి గొట్టానికి అంటుకుంది, దాని తొడుగూ కాలిపోయింది. నిప్పురవ్వలు, పొగ! ఎవరో బ్యాటరీ క్లిప్పు పీకేసరికి లోపల వైర్లన్నీ మాడి ముద్దయ్యాయి.

"ఇంత వాసన వస్తుంటే చెప్పవేం?" అని ఈయన నా మీద అరిచారు.

"వంటింటి వాసన కాదుగా, నాకేం తెలుస్తుంది?" అన్నాను, అదే ఫ్రెండ్స్ ముందు.

ఆయన ఇంకా ఏమీ తినలేదు. మిగిలిన పులిహోర ఎక్కడ పెట్టానో తెలియక వంటింట్లో గిన్నెలన్నీ తీసి చూస్తున్నారు. చెప్పమంటారా?