అచ్చులో పరిచే తెల్లగుడ్డ

కొత్త కోరా గుడ్డను నీళ్లలో ముంచగానే ఒక పచ్చి వాసన వస్తుంది. మగ్గం మీద పట్టించిన గంజి వాసన అది. చాలామందికి ఆ వాసన బాగానే ఉంటుంది. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. ఈ ఉదయం కూడా అదే జరిగింది. నంద్యాలలో మేం అద్దెకుండే ఇంటి వసారాలో, సబ్బు పోయడానికి చెక్క అచ్చులు ముందు పెట్టుకుని, గుడ్డ పిండి మొదటి దాంట్లో పరుస్తున్నాను. వాసన ముక్కుకు తగిలింది. ఎదురుగా ఎవరూ లేకపోయినా పళ్లు కొరకడం మొదలుపెట్టాను. మా ఆయన తొంగిచూసి, "మళ్లీ కోయిలకుంట్లకు పోయినావా?" అని కాఫీ గ్లాసు గోడవారగా పెట్టి వెళ్లిపోయాడు. ఆయనకు నా సంగతి అలవాటే. ఈ కోపం వెనకున్న మనిషి ఎవరో మీకు తెలియదు కాబట్టి మొదటినుంచీ చెప్పాలి.

ఖాసింబీ అక్క కోయిలకుంట్లలో మా పక్కింటి మనిషి. మా అమ్మ అక్కా అని పిలిచేది, విని విని నేనూ అక్కా అనే పిలిచాను. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఊళ్లో ఆమెకు రెండు పనులుండేవి. ఇంట్లో సబ్బులు చేసి అమ్మడం ఒకటి, అదే ఆమెకు కూడు. రెండోది, ముస్లింల ఇళ్లలో ఆడమనిషి చనిపోతే కడసారి స్నానం చేయించి, కఫన్ గుడ్డ చుట్టి పంపడం. ఇవి విని ఆమెను శాంతమూర్తి అనుకుంటారేమో, అస్సలు కాదు. నోరు తెరిస్తే వీధి చివరిదాకా వినిపించేది. పాలవాడు, మీటరు చూడడానికి వచ్చే కరెంటు మనిషి, మా నాన్న, అందరూ ఆమె చేత తిట్లు తిన్నవాళ్లే.

నేను డిగ్రీ అయిపోయి, ఉద్యోగం దొరక్క ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్న రోజుల్లో, గోడ మీంచి చూసి, "పద్దమ్మా, ఊరికే కూసుంటే తుప్పు పడతావు, ఈడికి రా" అని కేక వేసింది. వెళ్లాను. చాలా రోజుల వరకు నూనె ముట్టనివ్వలేదు, కాస్టిక్ సోడా దరిదాపులకు రానివ్వలేదు. నాకిచ్చిన పని ఒక్కటే, అచ్చులో గుడ్డ పరచడం. బనగానపల్లె మామిడిపండ్ల పెట్టెల చెక్కలను నున్నగా చిత్రిక పట్టించి, పొడుగాటి పెట్టెలుగా మేకులు కొట్టించింది. అవే అచ్చులు. చెక్క మీద నేరుగా పోస్తే సబ్బు కరుచుకుని ఊడిరాదు. అందుకని తడిపి పిండిన గుడ్డను లోపల పరిచి, అంచులు బయటికి వేలాడేలా వదలాలి. సబ్బు గట్టిపడ్డాక ఆ అంచులు పట్టుకుని లేపితే దిమ్మ మొత్తం పైకి వస్తుంది. వినడానికి ఇంతే. కానీ మూలల్లో గుడ్డ పోగుపడుతుంది. పోగుపడిన చోట ముడత, ముడత ఉన్న చోట సబ్బులో గాడి, ఎండాక సరిగ్గా ఆ గాడి దగ్గరే పగులు.

నేను పరిచిన మొదటి గుడ్డను చూసి, "ఏందిమ్మే ఇది? సబ్బుకు పరిచినావా, కుక్కకు పరిచినావా?" అని లాగి నా మీదికి విసిరింది. "అంచుల్నుంచి గుంజితే ముడత పోతాదా? నడిమధ్య నుంచి తోయల్ల. అరచేత్తో, నిదానంగా. మూలకాడికి పోయినాక వేలితో లోపలికి మడవల్ల."

"పాలిథిన్ కవరు వేస్తే సులువు కదక్కా?"

"కవరేస్తే సబ్బుకు చెమట పడతాది. గుడ్డైతే తడి తాగుతాది. నోరు మూసుకోని మళ్ల పరుచు."

నేను పరిచేదాన్ని, ఆమె పీకేసేది. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు కూడా ఆ అచ్చు వైపే చూసి మూతి తిప్పేది. ఇంటికొచ్చి అమ్మ ముందు ఏడ్చి, రేపటినుంచి పోనని చెప్పి, తెల్లారి మళ్లీ పోయేదాన్ని. ఒకరోజు నేను పరిచిన అచ్చు మీదికి వంగి, మూలల్లో వేలు పెట్టి చూసి, నూనె గిన్నెను నా వైపు జరిపింది. ఆమె నోటినుంచి మెచ్చుకోలు రావాలని ఎదురుచూసినవాళ్లు ఎదురుచూస్తూనే ఉండాలి, ఆ గిన్నె జరపడమే ఆమె మెచ్చుకోలు.

శెనక్కాయల నూనె, కొబ్బరినూనె, కాస్త కానుగ నూనె కలిపి చేసిన ఆ సబ్బుకు ఊళ్లో మంచి పేరుండేది. గుడ్డ నేత సబ్బు మీద సన్నటి గళ్లుగా దిగేది. ఆ గళ్లు చూసే జనం ఖాసింబీ సబ్బని గుర్తుపట్టేవాళ్లు. బాలింతలకు, చంటిపిల్లలకు అదే వాడేవాళ్లు. ఎండల్లో తిరిగి చర్మం పగిలిన రైతులు అడిగి మరీ తీసుకుపోయేవాళ్లు. మా అమ్మయితే పెళ్లికి పోయినా తువ్వాల్లో ఆ సబ్బు చుట్టుకుని పోయేది.

ఇక నా కోపం దగ్గరికి వస్తాను. మా వీధి మొదట్లో బట్టల షాపు వాళ్లుండేవాళ్లు. ఆ ఇంటి కోడలు నూర్జహాన్. ఎవరింట్లోనో చావుకు పోయినప్పుడు, కఫన్‌కు కోయగా మిగిలిన గుడ్డను అక్క మడిచి సంచిలో పెట్టుకోవడం చూసింది. మిగిలిన గుడ్డను స్నానం చేయించిన మనిషికే ఇవ్వడం మా వైపు అలవాటు. ఆ ముక్క ఎవరి ఒంటినీ తాకి ఉండదు. అక్క దాన్ని తెచ్చి, ఉతికి, ఎండేసి, అచ్చుల్లో పరిచేది. ఇందులో దాచినదేమీ లేదు, వీధిలోకి కనబడే తీగ మీదే ఆరేసేది. కానీ నూర్జహాన్ దానికి ఒక పేరు పెట్టింది. శవం గుడ్డలో పోసిన సబ్బు. ఇంకేం కావాలి? ఆ గుడ్డ వాళ్ల షాపులోదే. అదే తానులోంచి దిండ్లకు గలీబులు కుట్టించుకున్నారు, పిల్లల గౌన్లకు లోగుడ్డ వేయించుకున్నారు, వాటి మీద హాయిగా నిద్రపోయారు. అదంతా ఎవరికీ గుర్తు రాలేదు. అన్ని విషయాల్లోనూ హిందువులం, ముస్లిములం అని విడివిడిగా కూర్చునే ఊరు ఈ ఒక్క విషయంలో భలేగా ఒక్కటైంది.

సబ్బులు వాపసు రాసాగాయి. కొందరు గడప మీద పెట్టి చెప్పకుండా పోయారు. మా అమ్మ సగం అరిగిన సబ్బును కాగితంలో చుట్టి, స్నానాల గదిలోంచి తెచ్చి గోడ మీద పెట్టింది.

"తెలీనంతవరకు బాగానే ఉన్నింది పాపా. తెలిసినాక ఒంటికి రుద్దుకోబుద్ధి కాలే" అంది.

"నీ ఒళ్లేమన్నా బంగారమా?" అని అరిచాను. ఇప్పటికీ ఆ రోజు గుర్తొస్తే అమ్మ మీద కోపం కొత్తగా వస్తుంది. నూర్జహాన్‌ది అసూయో, వాగుడో అనుకుని వదిలేయవచ్చు. అక్క చేతి వంట తిని, కాన్పు రోజుల్లో అక్క చేత నీళ్లు పోయించుకున్న మా అమ్మను ఏమనుకుని వదిలేయాలి?

అక్క దగ్గరికి పరుగెత్తాను. "కాదని చెప్పక్కా. కొత్త గుడ్డ కొన్నానని చెప్పు. నేనూ చూసినా అని సాక్ష్యం చెప్తా. రెండు రోజుల్లో అందరూ మర్చిపోతారు" అని చెప్పాను, బతిమాలాను. "గమ్మునుండు" అంది. మర్నాడు వీధి ఆడవాళ్లు కొందరు కలిసి వచ్చారు. లోపలికి రమ్మన్నా రాలేదు, గుమ్మం ముందు ఎండలోనే నిలబడ్డారు. బడిలో పాఠాలు చెప్పే ఒకామె వాళ్ల తరపున అడిగింది, "నిజమేనా ఖాసింబీ?"

"నిజమే. మిగిలిన గుడ్డ వాండ్లు ఇచ్చిరి, నేను తెచ్చుకుంటి. ఉతికినా, ఎండేసినా. ఇప్పుడేమైంది?"

"అట్లెట్ల చేస్తావమ్మా? అది సచ్చినోళ్ల గుడ్డ గదా?"

"సచ్చినోళ్ల గుడ్డ సచ్చినోళ్లతోనే పాయ. ఇది మిగిలిన గుడ్డ. ఇంగేమన్నా అడగల్లా?"

వాళ్లు తలలు ఊపుకుంటూ వెళ్లిపోయారు. నేను అక్క మీద విరుచుకుపడ్డాను. ఒక్క అబద్ధం! రోజూ అందరూ ఆడే అబద్ధాల్లో ఒక్కటి ఆడితే నీ సొమ్మేం పోయేది? ఆ మాటతో నీ బతుకు నువ్వే చెడగొట్టుకున్నావు అన్నాను. ఆమె ఎదురు అరుస్తుందనుకున్నాను. అరవలేదు. అరచేయి చాచి నా ముందు పెట్టింది.

"ముడత పడకుండా పరిచేది నేను యాడ నేర్చుకుంటి అనుకుంటాండావు? ఆడ నేర్చుకుంటి. పోయిన మనిషి కింద గుడ్డ ముడత పడితే నాకు మనసొప్పదు. అది ఈ చెయ్యే, సబ్బు చేసిందీ ఈ చెయ్యే. ఈ పొద్దు ఆ గుడ్డ కాదని చెప్తే రేపు ఈ చెయ్యి కూడా కాదని చెప్పల్లా?"

అయినా నా కోపం తగ్గలేదు. గంప నెత్తిన పెట్టుకుని వేంపల్లెలో మా పిన్ని వాళ్ల వీధిలో అమ్మి చూశాను. మొదటిసారి కొన్నారు. రెండోసారికి ఆ మాట నాకంటే ముందు బస్సు దిగి కూర్చుంది. కొత్త గుడ్డ నేనే కొని తెచ్చిస్తే, అక్క "నా గుడ్డేమన్నా పాతదా?" అని దాన్ని మడిచి నా చేతిలోనే పెట్టింది. అమ్ముడుపోని దిమ్మలు అటక మీద ఎండి రాయి కట్టాయి. అక్క ఒకపూట వండుకోవడం మొదలుపెట్టింది. అడిగితే ఆకలి లేదని కసిరేది.

అటువంటి రోజుల్లో బట్టల షాపు ముసలామె, నూర్జహాన్ అత్త, పోయింది. తెల్లవారగానే కొడుకు అక్క గుమ్మంలోకి వచ్చి తల దించుకుని నిలబడ్డాడు. నేను అడ్డం వెళ్లాను.

"సబ్బు పనికిరాదు గానీ చెయ్యి పనికొస్తాదా?" అన్నాను.

"పక్కకు జరుగు పద్దమ్మా" అంది అక్క. "నన్ను పిలిచింది ముసలామె, వీడు కాదు."

అని అటక మీదినుంచి ఒక సబ్బు తీసుకుని కొంగున కట్టుకుని బయలుదేరింది. నేనూ వెనకే పోయాను. ఆ ఇంటి ముందు హిందువుల ఆడవాళ్లూ, ముస్లిముల ఆడవాళ్లూ నిండిపోయి ఉన్నారు. లోపల తెర కట్టారు. రేగాకు వేసి కాచిన నీళ్ల వాసన, కర్పూరం వాసన బయటికి వస్తున్నాయి. చాలాసేపటికి అక్క మోచేతుల దాకా తడితో బయటికి వచ్చింది. నేరుగా నూర్జహాన్ ముందుకు పోయి నిలబడింది. ఏడుపులు ఆగాయి.

"మీ అత్తను నా సబ్బుతోనే కడిగినా" అంది, వీధి చివరిదాకా వినిపించే ఆ గొంతుతో. "శుభ్రంగా పోయింది తల్లి. మిగిలిన గుడ్డ నాకొద్దు. ఆడ మడిచి పెట్టినా, నీ షాపులో పెట్టుకో."

నూర్జహాన్ కళ్లు ఎత్తలేదు. నాకు అక్కడే లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. ఇకనైనా ఊరికి సిగ్గొస్తుందనుకున్నాను. రాలేదు. చావింట్లో ఆ మాటలేమిటి, ఎంత పొగరు అన్నారు. ఒక్కరు కూడా సబ్బు కోసం తిరిగి రాలేదు. ఆ తర్వాత ఆమె సబ్బు తన ఒంటికీ, తను కడిగే మనుషులకూ మాత్రమే చేసుకుంది. బతికున్నవాళ్లకు అంటరానిదైన సబ్బు పోయేవాళ్లకు మాత్రం మహా బాగా పనికొచ్చింది. ఎవరింటికి చావు వచ్చినా ఆమెను పిలవడం మానలేదు, ఆమె సంచిలో ఏముందో అడిగినవాళ్లూ లేరు.

అక్క పోయిందని తెలిసేసరికి నేను పెళ్లయి నంద్యాలలో ఉన్నాను. వెళ్లాను. అక్క దగ్గర పని నేర్చుకున్న చిన్నవయసు ఆమె స్నానం చేయించింది. అంతా అయ్యాక మిగిలిన గుడ్డను చేతిలో పట్టుకుని బయటికి వచ్చి దిక్కులు చూస్తోంది. అది ఆమెకే చెందాలి. కానీ అక్కకు జరిగింది చూశాక మా ఊళ్లో ఆ గుడ్డను ఎవరూ ఇంటికి తీసుకుపోవడం లేదు.

"దీన్ని ఏం చేయల్ల?" అంది ఎవరితోనో.

"నాకియ్యి" అన్నాను. పక్కనున్న అమ్మ నా మోచేయి గట్టిగా నొక్కి, "పద్దా, పెండ్లయిన దానివి, వద్దు" అంది. నేను చేయి విడిపించుకుని వెళ్లి అందరి ముందూ తీసుకున్నాను. ఇంటికి వచ్చి ఉతికి, నడిమధ్య నుంచి అరచేత్తో తోసి, అచ్చులో పరిచి సబ్బు పోశాను. ఒక్క ముడత పడలేదు.

ఆ సంగతి నంద్యాలకూ చేరింది. మొన్న ఒకావిడ ఫోన్ చేసి, కూతురి సీమంతానికి సబ్బులు కావాలంది, వాసన ఏది బాగుంటుందో అడిగింది. అంతా మాట్లాడాక గొంతు తగ్గించి, "మీ గురించి ఏదో అంటున్నారమ్మా. నిజం కాదు కదా?" అంది. కాదంటే పని అయిపోతుంది. అక్కను నేను బతిమాలిన అబద్ధం అదే. అమాయకత్వం కొద్దీ ఆడలేకపోయిందని ఇన్నేళ్లు ఆమె మీద కోపం పెట్టుకున్నాను. అమాయకత్వం కాదు, అది ఆమె కోపం. తను కడిగి పంపిన వాళ్లను చూసి సిగ్గుపడమని అడిగిన ఊరి మీద ఆమెకు నాకంటే ఎక్కువ కోపం ఉండేది.

"నిజమే. ఆ గుడ్డ మా ఖాసింబీ అక్కది" అన్నాను ఫోన్‌లో. "మీకు సబ్బు కావాలా, వద్దా?"